దోహా దుమ్ము జమాఖర్చు

డిగ్రీ రెండో ఏడాదో మూడో ఏడాదో చదువుతున్న పిల్లలకు ఒక్క వేసవిలో వాతావరణ పరిశోధన రుచి చూపించాలంటే వాళ్ళ చేతికి ఏ ప్రశ్న ఇవ్వాలి? వేసవి పరిశోధన శిక్షణలు నడిపే ప్రతి అధ్యాపకుడికీ ముందుగా ఎదురయ్యే చిక్కు ఇదే. రుతుపవనాలు ఒక్కో ఏడు ఎందుకు మొరాయిస్తాయన్నది గొప్ప ప్రశ్నే, కానీ ఎనిమిది వారాల్లో తేలేది కాదు. పాత ఉష్ణోగ్రతల పట్టికలను గ్రాఫులుగా గీయమంటే ఎనిమిది వారాల్లో తప్పకుండా అయిపోతుంది, కాకపోతే అందులో ఆ పిల్లలు కొత్తగా కనుక్కునేదేమీ ఉండదు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. నిజమైనదై ఉండాలి. జవాబు గురువుకు కూడా ముందే తెలిసి ఉండకూడదు. ఇలాంటి ప్రశ్నను చెక్కి తీయడం ఒక పనితనం. ఆ పనితనం ఎంత అందంగా ఉండగలదో చూడాలనుకునే వాళ్ళకు నేను ఖతార్ రాజధాని దోహాలో జరిగిన ఒక పనిని చూపిస్తాను. అక్కడి పరిశోధకులు వేసుకున్న ప్రశ్న ఇది: ఆరుబయట పెట్టిన గాజు పలక మీద గడిచిన కొద్ది నిమిషాల్లో ఎన్ని దుమ్ము రేణువులు వాలాయి, ఎన్ని లేచిపోయాయి?

వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. దీని వెనక ఎంత ఉందో చూద్దాం.

దోహాలోని ఎడ్యుకేషన్ సిటీ అనే విశ్వవిద్యాలయాల ప్రాంగణంలో ఖతార్ సైన్స్ అండ్ టెక్నాలజీ పార్క్ ఉంది. అందులో 35,000 చదరపు మీటర్ల ఖాళీ జాగాలో రకరకాల కంపెనీల సోలార్ ప్యానెళ్లను వరసగా నిలబెట్టారు. 2012 చివర మొదలైన ఈ పరీక్షా కేంద్రాన్ని హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయంలోని ఖతార్ పర్యావరణ, ఇంధన పరిశోధన సంస్థ నడుపుతోంది. పొట్టిగా క్వీరీ అంటారు. ఎడారి ఎండకూ తేమకూ దుమ్ముకూ ఏ ప్యానెల్ ఎన్నాళ్ళు తట్టుకుంటుందో చూడడం ఇక్కడి పని. ఎండ సంగతి ముందే తెలిసిందే. దోహా విమానాశ్రయంలో 2010 జులై 14న 50.4 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. వేడికి ప్యానెళ్ల సామర్థ్యం కొంత తగ్గుతుందనీ అందరికీ తెలుసు. ఇక్కడ పెద్ద దొంగ దుమ్ము. దోహాలో కడగకుండా వదిలేసిన ప్యానెల్ ఉత్పత్తి సగటున రోజుకు అర శాతం దాకా పడిపోతుందని అక్కడి కొలతల్లో తేలింది. నెల తిరిగేసరికి పది, పదిహేను శాతం. అదే ఖతార్‌లో 2022 అక్టోబరులో ప్రారంభమైన అల్ ఖర్సా సోలార్ కేంద్రం సామర్థ్యం 800 మెగావాట్లు. అంత పెద్ద కేంద్రాన్ని తుడవకుండా వదిలేస్తే రోజుకు అర శాతం చొప్పున నాలుగు మెగావాట్లు దుమ్ము కింద కప్పబడిపోతాయని లెక్క. అందుకే అక్కడ పద్దెనిమిది లక్షలకు పైగా ఉన్న ప్యానెళ్లను తుడవడానికి రోబోలను పెట్టారు.

వాన కడిగేస్తుంది కదా అని మనకు తోస్తుంది. మన దగ్గర కరువు సీమ అని పేరుపడ్డ అనంతపురంలో కూడా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఖతార్‌లో వంద మిల్లీమీటర్లు కూడా పడదు. పడిన కాస్తా చలికాలంలోనే. వేసవి నెలలన్నీ పొడి. ఆ వేసవిలోనే, ముఖ్యంగా జూన్, జులైలలో, వాయవ్యం నుంచి షమాల్ గాలి రోజుల తరబడి వీస్తుంది. ఇరాక్‌లో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మైదానాల నుంచి సన్నని ఒండ్రు మట్టిని ఎత్తుకొచ్చి గల్ఫ్ తీరమంతా దులుపుతుంది. దానికి ఖతార్ సొంత దుమ్ము తోడు. ఆ దేశం నేలంతా సున్నపురాయి, డోలమైట్. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు ఖతార్ శాఖలో పనిచేసిన వసీం జావేద్, బింగ్ గువో, క్వీరీకి చెందిన బెంజమిన్ ఫిగ్గిస్ తదితరులు ప్యానెళ్ల మీది దుమ్మును తీసి పరీక్షించినప్పుడు అందులో అన్నిటికన్నా ఎక్కువగా కనబడిన మూలకం కాల్షియమే. కాల్సైట్, డోలమైట్, క్వార్ట్జ్ ప్రధాన ఖనిజాలు. బేతంచర్ల నాపరాళ్ళ గనుల దగ్గర నిలబడ్డ వాళ్ళకు ఆ తెల్లటి దుమ్ము ఎలా పట్టుకుంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. దుమ్ము ఎంత పడిందో కొలవడానికి పాత పద్ధతి ఒకటుంది. శుభ్రమైన గాజు ముక్కను తూచి ఆరుబయట పెడతారు. వారం పోయాక తెచ్చి మళ్ళీ తూస్తారు. తేడాయే దుమ్ము. ఈ పద్ధతిలో అబద్ధం లేదు, కానీ చెప్పేది మాత్రం చాలా తక్కువ. నెలాఖరున బ్యాంకు ఖాతాలో నిల్వ మాత్రమే చూసుకున్నవాడికి ఆ నెలలో ఎంత జమైందో, ఎంత ఖర్చైందో తెలియనట్టే, వారానికోసారి తూచే పరిశోధకుడికి ఎంత దుమ్ము వాలిందో, అందులో ఎంత గాలికి లేచిపోయిందో తెలియదు. ఒక మిల్లీగ్రాము నిల్వ ఉందంటే ఒక మిల్లీగ్రాము వాలి అక్కడే ఉండిపోయి ఉండవచ్చు, పది వాలి తొమ్మిది లేచిపోయి ఉండవచ్చు. నిల్వ ఒకటే అయినా ఈ రెండింటికీ వేర్వేరు మందులు కావాలి. మొదటిదైతే దుమ్ము వాలకుండా చూడాలి. రెండోదైతే లేచిపోవడానికి ఇంకాస్త సాయం చేస్తే చాలు. పైగా వారం రోజుల్లో గాలి వీచిన గంటలున్నాయి, నిలిచిపోయిన గంటలున్నాయి, పొడి మధ్యాహ్నాలు, తడి రాత్రులు ఉన్నాయి. వీటిలో ఏది ఏం చేసిందో ఒక్క తూకం చెప్పలేదు.

ఫిగ్గిస్, ఆయన సహచరులు ఈ ముడిని విప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. దుమ్మును తూచడం మానేసి, చూడడం మొదలుపెట్టారు. ఆరుబయటే ఉండి, గాజు పలకలోని చిన్న భాగాన్ని రాత్రీ పగలూ కొద్ది నిమిషాలకోసారి ఫొటో తీసే డిజిటల్ మైక్రోస్కోప్‌ను అమర్చారు. 2016లో ‘సోలార్ ఎనర్జీ’ పత్రికలో దాని వివరాలు ప్రకటించారు. ఫిగ్గిస్, అహ్మద్ ఎన్నవీ, బింగ్ గువో, జావేద్ వంటి వారి పేర్లు ఆ వ్యాసం మీద ఉన్నాయి. పేరు కూడా ఆర్భాటం లేనిదే: అవుట్‌డోర్ సాయిలింగ్ మైక్రోస్కోప్. పనిచేసే సూత్రం పదో తరగతి పిల్లలకు చెప్పినా అర్థమవుతుంది. ముందటి ఫొటోలో లేని రేణువు తరవాతి ఫొటోలో కనబడితే అది వాలినట్టు. ముందటి దాంట్లో ఉన్నది తరవాతి దాంట్లో లేకపోతే లేచిపోయినట్టు. రెండూ విడివిడిగా లెక్కకొస్తాయి. ఒక్కో రేణువుకూ రాకపోకల చిట్టా తయారవుతుంది.

సూత్రం ఇంత తేలిక అయినప్పుడు పనితనం ఎక్కడుంది? అదంతా సూత్రానికీ ఎడారికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. ప్రయోగశాల బల్ల మీద మైక్రోస్కోప్ కదలదు, వెలుగు మారదు. బయట సూర్యుడు గంటగంటకూ జరుగుతుంటాడు, రేణువు నీడ సాగుతుంది, కుదించుకుపోతుంది. నీడను రేణువుగా లెక్కపెడితే పని మొత్తం చెడుతుంది. వేడికి లోహపు చట్రం వ్యాకోచిస్తుంది. వెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లనుకుంటే అందులో ఏడో వంతు జరిగినా పది మైక్రాన్ల రేణువు చోటు మారినట్టే కనబడుతుంది. అప్పుడు ఒక రేణువు లేచిపోయి మరొకటి వాలినట్టు లెక్క తప్పుతుంది. తెల్లవారుజామున గాజు మీద మంచు బిందువులు పడితే అవీ గుండ్రంగా రేణువుల్లానే మెరుస్తాయి. ఆరుబయట బొమ్మలు తీసి లెక్కపెట్టాలనుకునే ఎవరైనా వీటన్నిటికీ సమాధానం చెప్పుకోవాల్సిందే. అక్కడి వాళ్ళు ఖరీదైన యంత్రంతో సమాధానం వెతకలేదు. మామూలు పరికరాన్ని ఓపికగా అమర్చారు. చూడాల్సిన మేరకే చూశారు. కొలవగలిగిన దానికి మించి చెప్పలేదు. శాస్త్రంలో దీనికన్నా మెచ్చుకోదగ్గ గుణం నాకు తెలియదు.

ఈ లెక్క వల్ల తేటపడిన మొదటి సంగతి గాలి గురించి. గాలి దుమ్మును తెస్తుంది, గాలే తీసుకుపోతుంది. రెండూ ఒకే గంటలో జరుగుతుంటాయి. నిల్వను మాత్రమే చూసినవాడికి గాలి వీచిన రోజు పెద్దగా ఏమీ జరగనట్టుంటుంది. రాకపోకలు విడిగా చూసినవాడికి ఆ రోజంతా గాజు మీద సందడే. రేణువు పరిమాణాన్ని బట్టి కథ మారుతుంది. నిశ్చలమైన గాలిలో పది మైక్రాన్ల రాతి రేణువు సెకనుకు సుమారు ఎనిమిది మిల్లీమీటర్ల వేగంతో దిగుతుంది. వంద మీటర్ల ఎత్తు నుంచి నేలకు చేరడానికి మూడున్నర గంటలు పడుతుంది. ఒక్క మైక్రాన్ రేణువుకైతే అదే దూరానికి రెండు వారాలు. అంటే పెద్ద రేణువులు త్వరగా వాలతాయి. వాలిన తరవాత లేచిపోయేవీ ఎక్కువగా అవే, ఎందుకంటే రేణువు పెద్దదయ్యే కొద్దీ దాన్ని పట్టి ఉంచే బలం కన్నా గాలి తోపు త్వరగా పెరుగుతుంది. చిన్నవి ఒకసారి అంటుకుంటే మామూలు గాలికి ఊడవు.

రెండోది రాత్రి కథ. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇదే. ఖతార్‌కు మూడు వైపులా సముద్రం. గల్ఫ్ సగటు లోతు ముప్పై అయిదు మీటర్లే, అందుకే వేసవిలో నీళ్ళు బాగా వేడెక్కి గాలిని తేమతో నింపుతాయి. ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల ఉక్కపోత అక్కడున్న తెలుగువాళ్ళందరికీ అనుభవమే. మబ్బులేని రాత్రి ప్యానెల్ తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. గాలిలో తేమ నూరు శాతం కాకపోయినా ఆ చల్లటి గాజు మీద నీరు చేరుతుంది. ఆ నీరు దుమ్మును కడగదు, దానికి సరిపడా ఉండదు. రేణువుకూ గాజుకూ మధ్య సన్నని నీటి వంతెన కడుతుంది. దుమ్ములో కరిగే లవణాలు అందులో కరుగుతాయి. పొద్దెక్కాక నీరు ఆరిపోతుంది, కరిగినవి గట్టిపడి రేణువును అక్కడే అతికించేస్తాయి. రోజూ ఇదే తంతు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థకు చెందిన క్లెమెన్స్ ఇల్సె, ఫిగ్గిస్‌తో కలిసి ఖతార్ గాజు పలకలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. రేణువుల చుట్టూ పాలిగోర్స్కైట్ అనే బంకమట్టి ఖనిజపు సూదులు పెరిగి ఉన్నాయి. 2018లో వెలువడిన ఆ పరిశోధన, దోహా ప్యానెళ్ల మీద పేరుకునేది వదులు దుమ్ము మాత్రమే అనుకున్న వాళ్ళ అభిప్రాయాన్ని సరిచేసింది. పగలు వాలిన దుమ్ము రాత్రికి సిమెంటు అవుతోంది.

దీని నుంచి రైతు కూడా మెచ్చే సూటి సలహా పుడుతుంది. దుమ్మును మంచు తగలకముందే వదిలించుకోవాలి. ప్యానెల్‌ను తిప్పే యంత్రం ఉంటే రాత్రి వేళ దాన్ని ఆకాశానికి వెల్లకిలా ఉంచకుండా వాలుగా నిలపాలి. దుమ్మూ తక్కువ వాలుతుంది, మంచూ తక్కువ పడుతుంది.

అదే ఆవరణలో సూర్యరశ్మిని కొలిచే పరికరాల గురించీ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దుమ్ము ఎంత దోచిందో తెలియాలంటే ముందు ఎండ ఎంత వచ్చిందో తెలియాలి. రెండు గాజు గుమ్మటాల కింద నల్లటి బిళ్ళ ఉండే పైరనోమీటర్ ఆకాశం మొత్తం నుంచి వచ్చే వెలుగును కొలుస్తుంది. సూర్యుడి వెంటే తిరిగే గొట్టం, పైర్‌హీలియోమీటర్, కేవలం అయిదు డిగ్రీల కిటికీలోంచి నేరుగా వచ్చే కిరణాలను కొలుస్తుంది. మరో పైరనోమీటర్ మీద ఒక చిన్న బంతి ఎప్పుడూ సూర్యుడికి అడ్డంగా ఉంటుంది, కాబట్టి అది చెదిరిన వెలుగును మాత్రమే చూస్తుంది. నేరు వెలుగును సూర్యుడి వాలు మేరకు తగ్గించి చెదిరిన వెలుగుతో కలిపితే మొత్తం రావాలి. రాకపోతే మూడింటిలో ఏదో ఒకటి మురికైనట్టో, పక్కకు జరిగినట్టో. మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పే ఈ అమరిక ప్రపంచమంతటా వాడేదే. ఎడారిలో దాని విలువ రెట్టింపు, దుమ్మును కొలిచే పరికరాన్ని కూడా దుమ్ము వదలదు గనక.

ఇప్పుడు విద్యార్థుల దగ్గరికి వద్దాం. పైన చెప్పిన పరిశోధనలు ఆరితేరినవాళ్ళు చేసినవి. కానీ ఆ ప్రశ్న కొలతలు విద్యార్థి చేతికి సరిగ్గా సరిపోతాయి. పరికరం అర్థమవుతుంది. ఒక రాత్రి బొమ్మల్లోంచి ఒక రాత్రి జవాబు వస్తుంది. తప్పు ఎక్కడ దొర్లవచ్చో వేలు పెట్టి చూపించవచ్చు. జవాబు కావాల్సినవాళ్ళు నిజంగానే ఎదురుచూస్తున్నారు. ఖతార్‌లో ఇలాంటి పనికి దారి కూడా వేశారు. 2006లో ఏర్పడ్డ ఖతార్ జాతీయ పరిశోధన నిధి తొలినాళ్ళలోనే అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఎక్స్‌పీరియన్స్ ప్రోగ్రామ్, అంటే యూరెప్‌ను మొదలుపెట్టింది. విద్యార్థులు జట్టుగా ఏర్పడి, ఒక అధ్యాపకుడి అండతో ప్రతిపాదన రాసి, పోటీలో నెగ్గి, తమ పరిశోధన తామే చేయాలి. అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ 1987లో మొదలుపెట్టిన వేసవి పథకాలలాగా ఇది ఒక్క సెలవులకే కట్టుబడి ఉండదు. దుమ్ము విషయంలో అది మంచిదే. షమాల్ జూన్‌లో వస్తుంది, మంచు సెప్టెంబరులో. పది వారాల పథకానికి రెండూ దొరకవు.

వేసవి పథకాల్లో నేను అన్నిటికన్నా గౌరవించేది అమెరికాలోని బౌల్డర్‌లో 1996 నుంచి నడిచిన సోర్స్. వాతావరణ శాస్త్రంలోకి పెద్దగా రాని వర్గాల పిల్లల కోసం పెట్టారు. ఒక్కో విద్యార్థికి ఒకరికి మించి గురువులుండేవారు: శాస్త్రానికి ఒకరు, కంప్యూటర్ పనికి ఒకరు, రాతకు ప్రత్యేకంగా ఒకరు. ఆ చివరి గురువును పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ వాళ్ళకు నా నమస్కారం. కొలిచింది నాలుగు పేజీల్లో స్పష్టంగా రాయలేనివాడికి తాను ఏం కొలిచాడో ఇంకా తెలియనట్టే. మన దేశంలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్ ఉంది. తిరుపతికి దగ్గర్లో గాదంకిలో 1,024 యాంటెనాలతో ఆకాశపు పొరలను వినే రాడార్ ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన శాల ఉంది. అవకాశాలకు మనకు కరువు లేదు. రాతకు గురువును ఇవ్వడం మనం ఇంకా నేర్చుకోవాలి.

ఖతార్‌లో వేసవి పరిశోధనకు మరో హద్దు ఉంది. అది చట్టం. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. వేళతో నిమిత్తం లేకుండా, వెట్ బల్బ్ గ్లోబ్ సూచీ 32.1 డిగ్రీలు దాటితే పని ఆపేయాలి. ఈ సూచీలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌కు ఏడు పాళ్ళు, ఎండ సోకే నల్ల గోళానికి రెండు పాళ్ళు, మామూలు ఉష్ణోగ్రతకు ఒక పాలు. ఒంటి చెమట ఆరుతుందా లేదా అన్నదే ప్రాణానికి ముఖ్యం గనక తేమకు అంత బరువు ఇచ్చారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వెళ్ళి ఆ ఎండలో కాంక్రీటు పోసినవాళ్ళ ప్రాణాలు ఈ ఒక్క అంకె మీద ఆధారపడ్డాయి. వాతావరణ శాస్త్రం ఎందుకని అడిగే పిల్లలకు నేను ముందు ఈ సూత్రాన్నే చూపిస్తాను. పని జరిగే చోట, ఇనుప చట్రాల మధ్య ఆ సూచీ నిజంగా ఎంత ఉందో గంటగంటకూ కొలవడం కూడా ఒక విద్యార్థి జట్టు వేసవికి సరిపడే ప్రశ్నే.

ఈ పనికి ఆధారమైన ఒక సంస్థ వెళ్ళిపోతోంది. 2003లో ఎడ్యుకేషన్ సిటీకి వచ్చిన టెక్సస్ ఏ అండ్ ఎం ఖతార్ శాఖను 2028 నాటికి మూసేయాలని ఆ విశ్వవిద్యాలయ పాలకమండలి 2024 ఫిబ్రవరిలో నిర్ణయించింది. బింగ్ గువో వంటి ఏరోసాల్ నిపుణులు, అంటే గాలిలో తేలే సన్నని రేణువులను చదివేవాళ్ళు, పనిచేసిన చోటు అది. పరికరాలు ఇంకో గదికి మారతాయి, ప్రశ్నలు కాగితాల్లో భద్రంగానే ఉంటాయి. పక్కన నిలబడి నేర్పేవాళ్ళ లోటును పూడ్చడం మాత్రం తేలిక కాదు.

ఆ ప్రశ్నను మనం అందిపుచ్చుకోవచ్చు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఆ సీమ నేల కింద కూడా సున్నపురాయే, చుట్టూ సిమెంటు కర్మాగారాలు, మార్చి నుంచి జూన్ దాకా దుమ్ము. గల్ఫ్ తేమ మాత్రం లేదు. అక్కడి రాత్రి మంచు దుమ్మును దోహాలో లాగే సిమెంటు చేస్తోందా, లేక పొడిగానే వదిలేస్తోందా? ఇది తేల్చడానికి ఒక గాజు పలక, కంప్యూటర్‌కు తగిలించే మామూలు డిజిటల్ మైక్రోస్కోప్, బొమ్మలోని చుక్కలను లెక్కపెట్టడానికి ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్, గాలి వేగాన్నీ తేమనూ కొలిచే చిన్న పరికరాలు చాలు. కర్నూలు, నంద్యాల, అనంతపురం కళాశాలల్లో భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా విన్నపం: వచ్చే వేసవికి నలుగురు విద్యార్థులను, మేడ మీద ఒక గాజు పలకను సిద్ధం చేయండి. వాళ్ళు రాసేది దిద్దడానికి తెలుగో ఇంగ్లిషో చెప్పే సహోద్యోగిని ఒకరిని ముందే అడిగి పెట్టుకోండి.